క్షౌరవృత్తియు చర్మరక్షణమును

 

మన మహాసభల సంచికలలో వంశోత్పత్తి ప్రశంసయు, ధన్వంతరి స్తుతియు, దాతల నామావళియు తఱచుగ కానవచ్చుచుండును. అవి యుండవలసినవే. నేను మాత్రము ఈ వ్యాసమునందు మిక్కిలి చిన్నదిగ తోచు నొక ప్రశ్నను గైకొనుచున్నాను. గొరిగిన చోట చర్మము మండకుండుటకును, ఎఱ్ఱబారి పొక్కులెత్తకుండుటకును మన పూర్వు లేమి చేసిరి? నేటి వైద్యశాస్త్ర మేమి చెప్పుచున్నది? ఇది చిన్న ప్రశ్న యైనను మన వృత్తియొక్క గౌరవమంతయు దీనిపై నిలిచియున్నది. ఏలయన, కత్తి పట్టుట యెవరైనను నేర్వవచ్చును. పరుని కంఠముపై కత్తి నడపి, అతడు సుఖముగ లేచి పోవునట్లు చేయుట విద్య. ఆ విద్యకు చరిత్ర కలదు.

౧. మన పేరులోని నీరు

సంస్కృతమున మన వృత్తివానికి గల నామములలో ‘నాపితుడు’ అనునది ప్రసిద్ధము. పాలీభాషయందు దీనికి ‘నహాపితుడు’ అను రూపము కలదు. శబ్దశాస్త్రజ్ఞు లీ రెండును స్నానార్థకమగు ధాతువునుండియే పుట్టినవని చెప్పుదురు. అనగా నాపితుడు మొదట గొరుగువాడు కాడు, స్నానము చేయించువాడు. కత్తికి ముందు నీరు వచ్చినదని మన పేరే సాక్ష్యమిచ్చుచున్నది. ‘క్షురము’ అను శబ్దమును మిక్కిలి ప్రాచీనమే. గ్రీకుభాషలో మంగలికత్తికి ‘క్సురోన్’ అని పేరుండుటచే, ఆర్యభాషలు విడిపోకమున్నే యీ పరికరము వాడుకలో నుండినదని పండితు లూహించిరి.

తెలుగున ‘మంగలి’ యను పేరు మంగళశబ్ద సంబంధమైనదని మనవారి నమ్మకము. పెండ్లి, పుట్టువెండ్రుకలు, ఉపనయనము మొదలగు శుభకార్యములయందు మన కత్తియు మన సన్నాయియు లేక పని జరుగదు గదా! థర్‌స్టన్ దొర 1909లో ప్రకటించిన ‘దక్షిణ హిందూదేశపు కులములు, జాతులు’ అను గ్రంథమునందు మనవారు క్షౌరముతోపాటు మేళమును వాయింతురనియు, మన స్త్రీలు మంత్రసానులై పురుళ్లు పోయుదురనియు వ్రాసియున్నాడు. నేటి ప్రభుత్వపు పట్టికలలోను నాయీబ్రాహ్మణ, మంగలి, భజంత్రీ యను పేళ్లు ఒకేచోట కానవచ్చుచున్నవి.

ఐనను నిఘంటుకారులు మనకు ‘దివాకీర్తి’ యను మఱియొక పేరును పెట్టిరి. పగటివేళనే తప్ప పేరెత్తరానివాడని దానికి వ్యాఖ్యానము చెప్పిరి. తల్లి గర్భమునుండి శిశువు నందుకొనిన చేతులును, తల మీది తొలి వెండ్రుకను తీసిన చేతులును మనవే. అట్టి వాని పేరు రాత్రివేళ పలుకరాదనుట విచారింపదగిన విషయము. ఇందులకు కోపముతో బదులు చెప్పుట కంటె, ఆ చేతు లేమి యెఱుగునో లోకమునకు చూపుటయే మేలైన మార్గము.

౨. వేదమునందలి వేడినీరు

అథర్వవేదము ఆఱవ కాండమునందు క్షౌరకర్మ కుపయోగించు నొక చిన్న సూక్తము కలదు. అందు సవితృదేవుడు కత్తి గొని వచ్చెననియు, వాయువును వేడినీటితో రమ్మనియు, జలములు వెండ్రుకలను తడుపవలెననియు ప్రార్థన. క్రమమును గమనింపుడు: వేడినీరు, తడుపుట, పిదప కత్తి. తైత్తిరీయ సంహితయందు యజమానుని దీక్షా సమయమున క్షౌరము చేయునపుడు, ఆతని హింసింపకుమని కత్తినే వేడుకొను మంత్ర మొకటి కలదు. మంటయు గాయమును లేకుండ గొరుగవలెనను కోరిక ఎంత పురాతనమో దీనివలన తెలియుచున్నది.

గృహ్యసూత్రకారులు చౌలవిధిని చెప్పుచు ఈ క్రమమును మఱింత స్పష్టము చేసిరి. ఆశ్వలాయనుడు శిశువు తలను తడుపుటకు చన్నీటిని వేడినీటిని కలుపుమనుచున్నాడు. అనగా తల కాలకుండ, చలి పుట్టకుండ గోరువెచ్చని నీరు కావలెను. పిమ్మట వెన్ననైనను పెరుగు బిందువులనైనను తలకు రాయవలెనని చెప్పెను. శిశుచర్మము మిక్కిలి మృదువైనది. జిడ్డు లేక కత్తి నడపిన యెడల గీరుకొనును. ఈ నాటి అంగళ్లలో క్షౌరమునకు ముందు పూయు లేపనములు, నురుగులు చేయు పని యిదియే. పేరు క్రొత్తది, వెన్న పాతది.

బౌద్ధులు సయితము ఈ పరికరములను తక్కువగ చూడలేదు. వినయపిటకమునందు భిక్షువులకు కత్తి, సానరాయి, కత్తి యొర మొదలగు క్షౌరసామగ్రి యంతయు అనుమతింపబడినది. శాక్యుల నాపితుడైన ఉపాలి భిక్షుసంఘమున చేరునపుడు, తమ అహంకారము నణచుటకై అతనికే ముందుగ దీక్ష యీయుమని శాక్యకుమారులు బుద్ధుని వేడుకొనిరట. తథాగతుని నిర్యాణానంతరము రాజగృహమున జరిగిన ప్రథమ సంగీతియందు వినయమంతయు ఆ యుపాలియే వినిపించెనని బౌద్ధగ్రంథములు చెప్పుచున్నవి. మన వృత్తిలో పుట్టినవా డొకడు ఒక మహాధర్మమునకు నియమశాస్త్రమును నిలిపినాడనుట మనము బాలురకు చెప్పదగిన కథ.

౩. సుశ్రుతుని శాలలో క్షురము

ఆయుర్వేద సంహితలలో క్షౌరము ఆరోగ్యసాధనముగ చెప్పబడినది. చరకుడు పక్షమునకు మూడుమార్లు వెండ్రుకలు, గడ్డము, గోళ్లు తీయించుకొనుమనెను. సుశ్రుతుడు దీనివలన దేహమునకు తేలికదనమును, మనస్సునకు సంతోషమును కలుగునని వ్రాసెను. కాని మనకు మిక్కిలి ముఖ్యమైనవి ఆ మహాశస్త్రవైద్యుడు శస్త్రములను గూర్చి చెప్పిన మాటలు.

శస్త్రమునకు నూనెలోను, నీటిలోను, క్షారములోను పదను పెట్టు మూడు విధములను సుశ్రుతుడు పేర్కొనెను. సాన పట్టుటకు మినుము వన్నె గల నున్నని రాయి కావలెననెను. పదనైన అంచును కాపాడుటకు బూరుగుచెక్కను విధించెను. వెండ్రుకను తెగగోయగల శస్త్రమే పని కక్కఱకు వచ్చునది యని పరీక్షయు చెప్పెను. మన తాతలు సానరాయిపై కత్తి నూరి, తోలుపట్టీపై తిప్పి, ముంజేతి వెండ్రుకపై పరీక్షించుట మీరందఱు చూచినదే. మొద్దుకత్తి వెండ్రుకను కోయదు, లాగును. లాగిన వెండ్రుక మొదట చర్మమును పైకి లేపి పిదప తెగును. మంటకు అదియే తొలి కారణము.

శిష్యుని అభ్యాసమును గూర్చి చెప్పుచు సుశ్రుతుడు, గీకుడు పనిని నేర్చుకొనుటకు రోమములతో గూడిన తోలును సాగదీసి దానిపై అభ్యసింపుమనెను. ఆ శస్త్రవిద్యార్థి చేసిన అభ్యాసము మన పిల్లవాడు చేయు అభ్యాసముకంటె వేఱు కాదు. గాయమునందు వెండ్రుకలు అడ్డుపడి మానకున్న యెడల కత్తితోను, కత్తెరతోను, శ్రావణముతోను వానిని తీయుమని ఇంకొక చోట విధించెను. కత్తి, కత్తెర, శ్రావణము: మన పొదిలోని మూడు వస్తువులు శస్త్రవైద్యుని పొదిలోను ఉండినవి. గాయములను కడుగుటకు మఱ్ఱి, మేడి, రావి మొదలగు పాలచెట్ల పట్టల కషాయము ఆయుర్వేదమున వాడుక. ఈ పట్టలన్నియు వగరు. వగరు చర్మమును బిగించును, స్రావమును ఆపును. ఈ మాటను జ్ఞాపక ముంచుకొనుడు. తుమ్మలపల్లె ప్రస్తావనలో మరల వచ్చును.

౪. రాయల సీమలో ఒక మంగలి

శాసనములు చదువువారికి మంగలి కొండోజు పేరు తెలియును. 16వ శతాబ్ది నడుమ, సదాశివరాయలు విజయనగర సింహాసనమున నుండగా, రాజ్యభారమంతయు అళియ రామరాజు చేతిలో నుండెను. కొండోజు క్షౌరము చేసి రామరాజును మెప్పించెననియు, మెచ్చిన ప్రభువు కోరిక యడుగగా అతడు తనకై కాక మంగలివారందఱకు పన్నులును వెట్టియు తీసివేయుమని కోరెననియు తెలియుచున్నది. బాదామి మొదలగు చోట్ల ఆ మినహాయింపును తెలుపు శాసనములు నేటికిని కలవు.

ఆలోచింపుడు. ఆ కాలమున రాజును మెప్పించినవారికి అగ్రహారములు దొరికెడివి, గ్రామములు దొరికెడివి. ఈతడు కోరినది కులమంతటికి ఊరట. ఆ మెప్పునకు మూలము పద్యము కాదు, యుద్ధము కాదు. రామరాజు చెక్కిలిమీద మంట పుట్టకుండ నడచిన కత్తి. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున రామరాజు మడసెను. ఆ మహారాజ్యము చెదరిపోయెను. రాతిమీది కొండోజు పేరు మాత్రము నిలిచినది.

౫. దత్తమండలములలో మంగలిపొది

1800లో నిజాము కుంపిణీవారికి వదలిన సీమలకు దత్తమండలములని పేరు. కర్నూలు నవాబు సంస్థానము మాత్రము 1839లో కుంపిణీవారి పాలయ్యెను. ఈ సీమకు ‘రాయలసీమ’ యను పేరు 1928లో నంద్యాల సభయందు పెట్టబడినది. 1800 మొదలు 1807 వఱకు ఇచట ప్రధాన కలెక్టరుగ నుండిన మన్రో దొర కాలమునకే గ్రామవ్యవస్థలో మంగలికి స్థిరమైన స్థానము కలదు. 1812లో ఆంగ్ల పార్లమెంటునకు సమర్పింపబడిన అయిదవ నివేదికయందు గ్రామమున పనిచేయువారి పట్టికలో కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలివారితోపాటు మంగలియు చెప్పబడెను. పంట నూర్చినపుడు కళ్లమువద్ద మేర కొలిచి యిచ్చుట, కొన్ని గ్రామములలో మాన్యము నిచ్చుట ఆచారము.

మెట్టభూమిలో వాన లేక పంట లేదు. పంట లేక మేర లేదు. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాక్షామము కడప, కర్నూలు, బళ్లారి మండలములను నలిపివేసినది. రైతు కళ్లము ఎండిన యేట మంగలి పొయ్యియు ఆరినది. నీటి కరువు వలన మన వృత్తిలో నొక విశేష నైపుణ్యము పుట్టినది. కోస్తావారికివలె ధారాళమైన నీరు లేక, ఒక చిన్న గిన్నెడు నీటితో గడ్డమంతయు నానబెట్టవలసి వచ్చెను. అందుచే మనవారు వ్రేళ్లతో నీటిని చర్మమునకు పట్టించి, చాలసేపు రుద్ది, వెండ్రుకను మెత్తబఱచి పిదప కత్తి తీసెడివారు. తొందరపడి గొరుగువానిని పెద్దలు మందలించుటయు కద్దు. నీరు తక్కువైన చోట కాలము ఎక్కువ వెచ్చించుటయే ఉపాయము.

మంగలిపొదికి తెలుగున ‘అడపము’ అనియు పేరు. రాజుల తాంబూలపు సంచికిని అదే పేరు. ఆ పొదిలో కత్తులు, కత్తెర, గోరుగల్లు, శ్రావణము, సానరాయి, తోలుపట్టీ, అద్దము, పటికముక్క ఉండెడివి. పొదిలోని కొన్ని మందులు పొలము గట్టునుండి వచ్చినవి: వేపాకు, పసుపు, కలబంద, నువ్వులనూనె, తుమ్మబెరడు. తిరుమలలో కల్యాణకట్టవద్దను, పాపఘ్ని తీరమున గండి ఆంజనేయుని సన్నిధిలోను తల నీలాలిచ్చిన పిదప బోడితలకు గంధము పూయుట మనమందఱ మెఱిగిన ఆచారమే. అందు భక్తియు కలదు, వైద్యమును కలదు. గంధము చల్లన; ఎండకు తొలిసారి తెఱవబడిన చర్మమునకు అది కాపు.

౬. పరదేశములలో మన సోదరులు

క్షురకుడు వైద్యుడగుట మన దేశమునకే పరిమితము కాదు. లండను నగరమున 1540లో ఎనిమిదవ హెన్రీ రాజు క్షురకులను, శస్త్రవైద్యులను ఒక్క సంఘముగ కూర్చెను. 1745లో శస్త్రవైద్యులు విడిపోయిరి. వారు కళాశాలలకు పోయిరి. వీరు అంగళ్లలో మిగిలిరి. పరాసు దేశస్థుడైన అంబ్రాయిజ్ పారే క్షురకవైద్యుడుగ జీవితము ప్రారంభించినవాడు. 1537లో యుద్ధరంగమున, తుపాకి గాయములలో పోయుటకు కాగుచున్న నూనె చాలకపోగా, గ్రుడ్డుసొన, గులాబినూనె, టర్పెంటైను కలిపి పూసెను. మఱునాడు చూడగా, నూనె పోసిన గాయములు వాచి మండుచుండెను. లేపనము పూసినవి చల్లబడి యుండెను. నాటినుండి కాల్చుట మానవలెనని నిశ్చయించెను. మంటకు మంట మందు కాదను ఈ సత్యము క్షౌరానంతరము ఘాటైన సారాయి ద్రవములను చెక్కిళ్లపై కొట్టుకొనువారు నేటికిని నేర్వదగినది.

1867లో లిస్టరు పండితుడు క్రిమినాశక శస్త్రచికిత్సను ప్రకటించెను. అంతవఱకు కంటికి కానరాని శత్రు వొకడు కత్తిమీద నుండునని లోకమునకు తెలియదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున చవుకగ అమ్మిన గుఱ్ఱపువెండ్రుకల క్షౌరపు కుంచెలవలన ఆంగ్ల, అమెరికా సైనికులలో కొందఱకు ఆంత్రాక్సు రోగము ముఖమున సోకినది. కుంచె చేసిన కీడును చూచినవారు కత్తినొక్కదానినే శంకించుట మానిరి. ఆ కాలమందే జిల్లెట్ అను నమెరికా దేశస్థుడు కనిపెట్టి 1904లో హక్కుపత్రము పొందిన బ్లేడు కత్తి సైనికుల సంచులలో చేరి, యుద్ధానంతరము ప్రతి గృహమునకు వచ్చెను. గడ్డము గొరుగుట అప్పటినుండి చాలమందికి స్వంత పని యైనది. కత్తి యింటికి వచ్చినది గాని కత్తిని నడపు విద్య వెంట రాలేదు. నేడు యువకుల మెడలపై కానవచ్చు పొక్కులలో చాలభాగమునకు అదియే కారణము.

౭. మంటలు మూడు విధములు

నేటి చర్మవైద్యులు క్షౌరమువలన కలుగు బాధలను వేఱు వేఱుగ గుర్తించిరి. మనవారు వీనిని ఎఱిగియుండవలెను.

మొదటిది కేవలము ఒరపిడి మంట. ఎండుచర్మముపై గాని, మొద్దుబ్లేడుతో గాని, ఒకేచోట పలుమార్లు గాని గొరిగినపుడు పైపొర గీరుకొని ఎఱ్ఱబారును. ఇది సాధారణముగ కొలది దినములలో తనంతట తగ్గును.

రెండవది వెండ్రుక వెనుకకు తిరిగి గ్రుచ్చుకొనుట. ఉంగరాల వెండ్రుక గలవారికి ఇది తఱచు. మిక్కిలి నున్నగ, చర్మమును సాగదీసి, వాలునకు ఎదురుగ గొరిగినచో తెగిన కొన చర్మము క్రిందికి పోవును; లేక బయటకు వచ్చి వంగి ప్రక్కనే మరల లోనికి దూరును. దేహము దానిని ముల్లువలె భావించి పొక్కు నెత్తించును. స్ట్రాస్, క్లిగ్‌మన్ అను నమెరికా వైద్యులు 1956లో దీనిని విపులముగ వర్ణించిరి. నల్లజాతి పురుషులలో ఇది విశేషముగ కానవచ్చును; దినదినము నున్నగ గొరుగవలెనను సైనిక నియమము వారి కెంతో బాధాకరమైనది. ఇది క్రిమిరోగము కాదు, అంటదు. కావున ఇట్టివానిని అశుచిగ చూచుట తప్పు.

మూడవది నిజమైన అంటురోగము. వెండ్రుక కుదుళ్లలో బాక్టీరియాలు చేరి చీముపొక్కులు పుట్టించును. ఒక్కొక్కప్పుడు శిలీంధ్రము చేరి గడ్డపు తామర యగును. ఆంగ్లేయులు దీనికి ‘క్షురకుని దురద’ యని పేరు పెట్టిరి. రోగమునకు మన వృత్తి పేరు అంటుకొనుట అవమానమే. కాని ఆ పేరు ఊరక రాలేదు. కడుగని కత్తి, పలువురకు వాడిన తువాలు, ఒకే కుంచె దానికి కారణములు. పేరును తుడిచివేయు శక్తియు మన చేతులలోనే యున్నది.

వీనికి పైన, రక్తమున ప్రవేశించు కామెర్ల విషక్రిములును, ఎయిడ్సు క్రిమియు కలవు. మన దేశమున ఎయిడ్సు క్రిమి మొదట 1986లో మదరాసునందు గుర్తింపబడినది. పిమ్మట ప్రతివానికి క్రొత్త బ్లేడు వాడవలెనను నియమము అంగళ్లలో వ్యాపించినది. కామెర్ల క్రిములలో కొన్ని ఎండిన రక్తపు మరకలో సయితము దినములతరబడి బ్రతికియుండునని వైద్యులు తెలుపుచున్నారు. కావున కంటికి రక్తము కానరాలేదని బ్లేడును రెండవవానికి వాడరాదు.

౮. ఆచరింపదగిన క్రమము

పూర్వులు చెప్పినదానిని, నేటి శాస్త్రము చెప్పినదానిని కలిపి చూచినచో ఈ క్రిందిక్రమము తేలుచున్నది.

మొదట గోరువెచ్చని నీటితో తడిపిన శుభ్రమైన బట్టను గడ్డముపై రెండు మూడు నిమిషము లుంచవలెను. వెండ్రుక నీరు పీల్చి మెత్తబడును. మెత్తబడినది సులభముగ తెగును. పిదప సబ్బునురుగో లేపనమో పట్టించి కొంతసేపు ఆగవలెను. కత్తిని వెండ్రుక వాలువెంట నడపవలెను. గట్టిగ అదుమరాదు, చర్మమును అతిగ లాగరాదు, ఒక్కచోటనే పలుమార్లు తిప్పరాదు. ఒకటి రెండు మార్లు నడపగనే కత్తిని కడుగవలెను. పిమ్మట చన్నీటితో కడిగి, రుద్దక అద్ది తుడువవలెను.

పటికను గూర్చి ఒక మాట. అది రక్తమును నిలుపును, చర్మమును బిగించును. తాతలు వాడినది నిజమే. కాని ఒకే పటికముక్కను అందఱి ముఖములపై త్రిప్పుట ప్రమాదము. పటికను పొడిచేసి గాని, నీటిలో కరగించి గాని, ఎవరికి కావలసినది వారికి వేఱుగ తీసి వాడవలెను. నిమ్మరసము గీరుకొన్న చర్మమునకు మంటయే. కలబంద గుజ్జు చల్లదనమిచ్చును. పసుపు మంచిదే కాని, గాయమున్న చోట వంటయింటి పసుపుపొడి చల్లుట శుభ్రమైన పని కాదు. కొబ్బరినూనె పొడిచర్మమునకు మేలు. మొటిమలు గలవానికి కుదుళ్లు మూసుకొని హెచ్చవచ్చును.

వెండ్రుక గ్రుచ్చుకొను పొక్కులు గలవానికి ఉత్తమ చికిత్స గొరుగుట మానుటయే. కొన్ని వారములు గడ్డమును పెరుగనిచ్చినచో చాలవఱకు వెండ్రుకలు తమంతట విడివడును. పిదపను నున్నగ కాక, విద్యుత్ కత్తెరతో ఇంచుక నిడివి వదలి కత్తిరింపవలెను. పొక్కును గోటితో గిల్లుట, శ్రావణముతో వెండ్రుకను పెరికివేయుట కూడదు. చీము, జ్వరము, వ్యాపించుచున్న తామర కానవచ్చినచో మనము మందు లీయక వైద్యుని యొద్దకు పంపవలెను. ఏది తనకు సాధ్యమో, ఏది కాదో ఎఱుగుట మంచి వైద్యుని లక్షణము.

౯. తుమ్మలపల్లె నీరు

కడప మండలమున పులివెందులకు చేరువను, వేముల మండలమునందు తుమ్మలపల్లె కలదు. పేరులోనే తుమ్మచెట్టున్నది. తుమ్మబెరడు మిక్కిలి వగరు. తోళ్లు ఊనుటకు దానిని వాడుదురు. ఆ వగరే చర్మమును బిగించి చిన్నగాట్ల స్రావము నాపును. సుశ్రుతీయుల పాలచెట్ల కషాయమునకు ఈ మెట్టసీమలో దొరకిన సోదరి తుమ్మబెరడు కషాయము.

ఆ ప్రాంతపు భూగర్భమున సున్నపురాతి జాతికి చెందిన వేంపల్లె శిలలు పఱచుకొనియున్నవి. అట్టి రాళ్లలో నిలిచిన నీటికి కాఠిన్యము హెచ్చు. కఠినజలమున సబ్బు నురుగదు. నురుగక మిగిలిన జిగురు చర్మమున నిలిచి పొడిబాఱజేయును. ఇట్టి యూళ్లలో కాచి, తేర్చిన నీటిని గాని, వాననీటిని గాని క్షౌరమునకు వాడుట మేలు. కాచినచో నీటిలోని సున్నము కొంత అడుగున పేరుకొనును.

ఆ శిలలలోనే యురేనియము దొరకుటచే 2007లో అచట గనికిని కర్మాగారమునకును శంకుస్థాపన జరిగినది. తరువాతి సంవత్సరములలో చుట్టుపట్ల గ్రామస్థులు తమ బావుల నీరు చెడినదనియు, దేహమున దద్దురులు పుట్టుచున్నవనియు ఫిర్యాదు చేసిరి. ఆ దద్దురులకు కారణ మేదియో నిర్ణయించుట నీటిని, నేలను, దేహములను పరీక్షింపగల నిపుణుల పని. వ్యాసము వ్రాయు ఉపాధ్యాయుని పని కాదు. కాని మన వృత్తివారు ఇచట చేయదగిన పని యొకటి కలదు.

ఊరిలో అందఱి చర్మమును దగ్గఱగ, మాసమునకు ఒకటి రెండు మార్లు చూచువాడు మంగలి యొక్కడే. వైద్యుని యొద్దకు రోగి రోగము ముదిరిన పిదప పోవును. మన యొద్దకు ఆరోగ్యవంతుడును వచ్చును. కత్తి తగిలిన చోటనే పొక్కులున్నచో దోషము కత్తిదో, చేతిదో, నీటిదో విచారింపవచ్చును. కత్తి తగులని వీపునను, చేతులను, కాళ్లను కూడ దద్దురులున్నచో అది క్షౌరదోషము కాదు. ఒకే వీధివారికి, ఒకే బావి నీరు త్రాగువారికి, చిన్నపిల్లలకు సయితము అట్లే కానవచ్చినచో అది ఒక్కని రోగము కాదు, ఊరి సంగతి. ఈ భేదమును గుర్తించి, ఎన్నడు ఎవరికి ఎచట కానవచ్చెనో జ్ఞాపక ముంచుకొని, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునకు తెలుపువాడు మంగలియైనచో, అతడు గ్రామమునకు చేయు సేవ వెల కట్టరానిది. ‘కత్తి సరిగ పెట్టలే’దను నింద తొలగుట దానివలన కలుగు చిన్న లాభము. పెద్ద లాభము, నోరులేనివారి చర్మమునకు ఒక సాక్షి యేర్పడుట.

౧౦. మనము చేయవలసినది

సోదరులారా! మన పిల్లలు కొందఱు చదువుకొని యుద్యోగములకు పోవుచున్నారు, సంతోషము. కొందఱు నగరములలో అద్దాల అంగళ్లలో, ఇతరుల పెట్టుబడి క్రింద, దినకూలికి పనిచేయుచున్నారు. వారికి కత్తెర పనితన మున్నది గాని తాతలు చెప్పిన మాటలు లేవు. తాతలకు ఆ మాటలుండెను గాని క్రిములను గూర్చిన జ్ఞానము లేకుండెను. ఈ రెండును ఒక్క చేతిలో కలియకున్నచో, మన వృత్తి యొక యంత్రపు పనిగ మిగులును.

కావున ఈ మహాసభవారికి నా వినతి నాలుగు మాటలలో చెప్పుచున్నాను. మన సంఘశాఖ యున్న ప్రతిచోట సంవత్సరమున కొకనాడు చర్మవైద్యుని పిలిపించి, పనిచేయువారికి పై మూడు వ్యాధులను చూపించి చెప్పింపవలెను. ప్రతి యంగడిలో ఒక్కొక్కరికి క్రొత్త బ్లేడు, ఉతికిన తువాలు, వేఱుగ తీసిన పటికపొడి అను నియమమును గోడపై వ్రాయింపవలెను. వృద్ధులైన పనివారికి తెలిసిన ఆకులు, బెరళ్లు, పద్ధతులు వారితోడనే పోకుండ, చదువుకొన్న పిల్లలచేత వ్రాయించి, వానిలో మేలైనవానిని వైద్యులచే పరీక్షింపజేయవలెను. నీటిబాధ గల గ్రామములలో మనవారు చూచిన చర్మలక్షణములను ఆరోగ్యకేంద్రమునకు తెలుపు పద్ధతి నేర్పఱచవలెను.

ఈ నాలుగింటికిని ధనము ఎక్కువ అక్కఱలేదు. శ్రద్ధ యొక్కటియే కావలెను. వేడినీటిని ముందుంచి కత్తిని వెనుక నుంచిన వేదర్షియు, రోమచర్మముపై అభ్యసింపుమనిన సుశ్రుతుడును, తన కొక్కనికి గాక అందఱకు కోరిన కొండోజును మనకు చూపిన త్రోవ యొక్కటియే. ఎదుటివాని చర్మమును తన చర్మమువలె భావించి పనిచేయువాని పేరు ఏ వేళనైనను పలుకదగినదే.

శుభం భూయాత్.